పిల్లలకు చెక్క పజిల్స్ కొనేముందు చూడాల్సింది: ముక్క తప్పు పెడితే ఆ సంగతి ఎవరు చెబుతారు?

మీరు అడిగింది ఇది: బాబుకు ఏడేళ్లు, రెండో తరగతి. పాపకు నాలుగు, ఎల్‌కేజీ. సాయంత్రమైతే ఇద్దరూ ఫోన్ వదలడం లేదు. చెక్క పజిల్స్, బుర్రకు పని పెట్టే ఆటలు కొందామని ఆన్‌లైన్‌లో వెతికితే వందల రకాలు కనిపించి ఏది మంచిదో తేలలేదు. ఇప్పటికే ఒక జంతువుల సెట్ కొంటే పాప రెండు రోజులు ఆడి పక్కన పడేసింది. రెండు వేల లోపు ఏం కొనాలి, డబ్బా మీద "ఐక్యూ పెంచుతుంది" అని రాసే మాటలు నమ్మొచ్చా అన్నారు.

నేను అనకాపల్లిలో ఇరవై మూడేళ్లుగా చిన్నపిల్లల బడి నడుపుతున్నాను. మా బడిలో ఒక బీరువా నిండా పజిల్సే. కొన్ని పదిహేనేళ్లుగా పిల్లల చేతుల్లో తిరుగుతూనే ఉన్నాయి, కొన్ని తెచ్చిన నెలకే అడుగు అరలోకి వెళ్లిపోయాయి. ఏది ఎందుకు నిలిచిందో చూస్తూ వచ్చాక, ఇప్పుడు ఏది కొనేముందైనా ఒక్క ప్రశ్న వేసుకుంటున్నాను. పిల్ల ముక్కను తప్పుగా పెడితే, అది తప్పని పిల్లకు ఎవరు చెబుతారు? చెక్కే చెప్పాలి. పక్కన కూర్చున్న పెద్దవాళ్లు నోరు తెరవాల్సి వస్తే ఆ పజిల్ కొనను.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. బడి పెట్టిన కొత్తలో ఒక జంతువుల పలక తెచ్చాను. రంగులు బాగున్నాయి, ధర కూడా తక్కువే. కానీ అందులో ఆవు గుంట, గుర్రం గుంట దాదాపు ఒకే కొలత, పైగా గుంటలన్నీ ముక్కల కంటే వదులుగా కోసి ఉన్నాయి. నాలుగేళ్ల పిల్లవాడొకడు గుర్రాన్ని ఆవు గుంటలో పెట్టాడు. చక్కగా కూర్చుంది. వాడు సంతోషంగా నావైపు చూశాడు. "అది కాదు నాన్నా" అన్నాను. తీసి ఇంకోచోట పెట్టి మళ్లీ నావైపు చూశాడు. తర్వాత వారమంతా గమనించాను. ఏ పజిల్ ఇచ్చినా వాడు ముక్క పెట్టగానే పలక చూడటం మానేసి నా మొహం చూస్తున్నాడు. నేను నవ్వితే సరే, లేకపోతే ఇంకోచోటు. చెక్కను చదవాల్సిన పిల్లవాడు నన్ను చదవడం నేర్చుకున్నాడు. ఆ అలవాటు మాన్పించడానికి నాకు రెండు నెలలు పట్టింది.

చిన్నపిల్లల చదువుకు కొత్త పద్ధతి తెచ్చిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి తయారుచేయించిన పరికరాల్లో ఈ సంగతి చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఆవిడ 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం కారణంగా 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎందరో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆ పరికరాల్లో ఒకటి పొడవాటి చెక్క దిమ్మె. దానికి 10 గుంటలు, వాటిలో దిగే 10 గుండ్రటి కడ్డీలు, పట్టుకోవడానికి ఒక్కోదానికి పైన చిన్న బొడిపె. సన్నటి కడ్డీని లావు గుంటలో పెడితే ఆ క్షణానికి సరిపోయినట్టే ఉంటుంది. చివరికి వచ్చేసరికి ఒక కడ్డీ మిగిలిపోతుంది, దానికి తగిన గుంట ఉండదు. ఏదో తప్పు జరిగిందని పిల్లకు తెలుస్తుంది, అది ఎక్కడ జరిగిందో వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటే మనం కొంటున్నది.

అందుకే పజిల్ చేతికి రాగానే మొదట మీరే పరీక్షించండి. కావాలని ఒక ముక్కను పక్కవాటి గుంటల్లో పెట్టి చూడండి. రెండు మూడు చోట్ల పట్టేస్తుంటే తిరిగి పంపేయండి. సరైన గుంటలో మాత్రం బలం పెట్టకుండా జారి కూర్చోవాలి. ఈ రెండో సంగతి మన కోస్తా వాళ్లకు మరీ ముఖ్యం. తక్కువ ధరకు వచ్చే పజిల్స్‌లో చాలావరకు ఎండీఎఫ్‌తో చేసినవి, అంటే సన్నటి చెక్క నారను జిగురుతో అదిమి చేసిన పలకలు. అవి తేమ తగిలితే ఉబ్బుతాయి. ఒక వానాకాలం మా బడిలో ఇలాగే జరిగింది. వేసవిలో సులువుగా దిగిన ముక్క శ్రావణమాసం వచ్చేసరికి దిగలేదు. మూడేళ్ల పాప దాన్ని సరైన గుంటలోనే పెట్టి, దిగకపోతే పిడికిలితో గుద్దింది, ఆ తర్వాత తీసి ఇంకో గుంటలో పెట్టింది. సరిగ్గా చేసినా చెక్క తప్పన్నది కదా! వదులు గుంట తప్పును ఒప్పు అంటుంది, ఉబ్బిన ముక్క ఒప్పును తప్పంటుంది. రెండిట్లో ఏది జరిగినా పిల్లకు ఆ వస్తువు మీద నమ్మకం పోతుంది. ఉబ్బితే అంచులను సన్న గరుకు కాగితంతో రుద్ది సరిచేయొచ్చు, కానీ రంగు పోతుంది.

ఎండీఎఫ్ అని ఎలా గుర్తుపట్టాలంటే ముక్క పక్క అంచు చూడండి. ఒకే గోధుమ రంగులో, గీతలేమీ లేకుండా అట్టలా కనిపిస్తే ఎండీఎఫ్. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. పైన కనిపించే చెక్క గీతలు అంచు మీదుగా కిందికి దిగుతుంటే అసలు చెక్క. ఎండీఎఫ్ వద్దే వద్దని నేను అనను. జిగ్‌సాలకు, అంటే ముక్కలు ఒకదానికొకటి కలిపి ఒకే బొమ్మ చేసే పజిల్స్‌కు, అది చదునుగా, కచ్చితంగా కోయడానికి వీలవుతుంది. ప్యాకెట్ విప్పగానే ఘాటు వాసన వస్తే మాత్రం ఉంచుకోకండి. ఆ జిగురులో సాధారణంగా ఫార్మాల్డిహైడ్ అనే హానికర రసాయనం ఉంటుంది. ప్లైవుడ్ ముక్కలైతే అంచుల మీద వేలు పోనిచ్చి పేళ్లు లేస్తున్నాయేమో చూడండి.

ఇప్పుడు పాప సంగతి. నాలుగేళ్లకు బొడిపెలున్న ఒక్కో గుంట పలకలు అయిపోయినట్టే. గుండ్రం, చదరం, త్రిభుజం పెట్టే బోర్డు ఏడాదిన్నర, రెండేళ్ల పిల్లలకు. మీ పాప జంతువుల సెట్‌ను రెండు రోజుల్లో వదిలేసిందంటే చాలా మంది అనుకునే కారణం "ఓపిక లేదు" అని. నా అనుభవంలో ఎక్కువసార్లు అది మరీ సులువైనా అయి ఉంటుంది, ఒక్కసారిగా మరీ కష్టమైనా అయి ఉంటుంది. చెక్క చట్రంలో అమర్చే 12 ముక్కల జిగ్‌సాతో మొదలుపెట్టండి. ఎవరి సాయం లేకుండా మూడుసార్లు పూర్తి చేసిందంటే 20, 24 ముక్కలకు వెళ్లొచ్చు. ముక్కల సంఖ్యకంటే బొమ్మను చూసి ఎంచుకోండి. ప్రతి ముక్కలోనూ ఏదో ఒకటి గుర్తుపట్టేది ఉండాలి: కోడి తోక, బండి చక్రం, అమ్మమ్మ చీర అంచు. సగం బొమ్మ ఖాళీ నీలాకాశమే అయితే ఆ నీలం ముక్కలన్నీ ఒకేలా ఉండి ఈ వయసు పిల్లలు విసిగిపోతారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పాప కదా అని సులువైనవి పాపకు, కష్టమైనవి బాబుకు అని పంచకండి. చికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 53 మంది పిల్లలను రెండేళ్ల నుంచి నాలుగేళ్ల లోపు వయసులో వాళ్ల ఇళ్లలోనే పలుమార్లు గమనించి 2012లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇంట్లో పజిల్స్ ఆడిన పిల్లలు నాలుగున్నరేళ్ల వయసులో ఆకారాలను మనసులోనే తిప్పి, జరిపి చూసుకునే పరీక్షలో మెరుగ్గా చేశారు. అదే పరిశోధనలో ఇంకొకటి తేలింది. పజిల్స్ ఆడిన వాళ్లలో ఆడపిల్లలు, మగపిల్లలు దాదాపు సమానంగానే ఆడారు, కానీ మగపిల్లల ముందుకు వచ్చిన పజిల్స్ కష్టంగా ఉన్నాయి, వాళ్లతో తల్లిదండ్రులు ఎక్కువ కలిసిపోయి మాట్లాడారు. ఇది చదివాక నేను మా బడిలో ఎవరికి ఏ పజిల్ ఇస్తున్నానో నెల రోజులు రాసుకున్నాను. నేనూ అదే చేస్తున్నాను. అప్పటినుంచి మార్చుకున్నాను. డబ్బా మీది ఐక్యూ మాటకు కూడా ఇదే నా జవాబు. పజిల్స్ ఆడటానికీ ఆకారాలను ఊహించే నేర్పుకూ సంబంధం కనిపించింది, అంతవరకు నిజం. ఫలానా డబ్బా కొంటే తెలివి ఇంత పెరుగుతుందని ఎవరైనా రాస్తే అది అమ్ముకోవడానికి రాసిన మాట.

మీ బాబుకు ఏడేళ్లు కాబట్టి ఆట మారుతుంది. ఇప్పటిదాకా తప్పు చెక్క చెప్పింది. ఇకనుంచి వాడు తనకు తానే చెప్పుకోవాలి.

దీనికి మొదటి మెట్టు టాంగ్రామ్. చైనా నుంచి వచ్చి 1800ల మొదట్లో యూరప్, అమెరికాల్లో పాకిపోయిన ఆట. ఏడే ముక్కలు: రెండు పెద్ద త్రిభుజాలు, ఒక మధ్యరకం, రెండు చిన్నవి, ఒక చదరం, ఒక సమాంతర చతుర్భుజం. వీటితో పిల్లి, పడవ, పరుగెత్తే మనిషి, ఏదైనా చేయొచ్చు. ముక్కలు పెట్టెలో ఎలా అమరాలో మీరు చూపించకండి. ముందు రెండు చిన్న త్రిభుజాలు, చదరం ఇచ్చి "ఈ రెండిటితో దీన్ని చేయగలవా?" అని అడగండి. అయ్యాక చదరం తీసి మధ్యరకం త్రిభుజం ఇవ్వండి, ఆ తర్వాత సమాంతర చతుర్భుజం. ఆ రెండు చిన్న త్రిభుజాలే మూడూ అవుతాయి. మా బడిలో పెద్దపిల్లలకు ఇది దొరికిన రోజు వాళ్ల మొహాలు చూడాలి. ఇంకో చిక్కు కూడా ముందే తెలుసుకోండి. ఏడింటిలో సమాంతర చతుర్భుజాన్ని మాత్రమే ఒక్కోసారి బోర్లా తిరగేయాల్సి వస్తుంది. పిల్లలు గంటసేపు ఆగిపోయేది అక్కడే. చెప్పేయాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. రంగురంగులవి కాకుండా ఏడు ముక్కలూ ఒకే రంగులో ఉన్నవి కొనండి. రంగులుంటే పిల్లలు ఆకారాన్ని వదిలి రంగును గుర్తుపెట్టుకుంటారు.

రెండోది హనోయి గోపురం. మూడు గుంజలు, ఒకదాని మీద పెద్దది కింద, చిన్నది పైన ఉండేలా బిళ్లలు. ఒకసారికి ఒకే బిళ్ల తీయాలి, చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు, దొంతర మొత్తం ఇంకో గుంజకు చేరాలి. ఫ్రాన్స్ గణితవేత్త ఎడ్వర్ లూకా 1883లో దీన్ని బయటకు తెచ్చారు. కాశీలో ఒక గుడిలో 64 బంగారు బిళ్లలను పూజారులు ఇలాగే మారుస్తున్నారని, అది పూర్తయితే లోకం అంతమవుతుందని ఒక కథ దీనితోపాటు పుట్టించారు. అది కథే, కానీ పిల్లలకు చెప్పండి, బాగా ఇష్టపడతారు. మూడు బిళ్లలకు కనీసం 7 ఎత్తులు పడతాయి. నాలుగైతే 15, అయిదైతే 31. బాబుకు మూడుతో మొదలుపెట్టి ఎత్తులు లెక్కపెట్టుకోమనండి. 11లో చేశాడు, 9లో చేశాడు, 7కు వచ్చాక ఇంక తగ్గదని వాడికే అర్థమవుతుంది. నాలుగో బిళ్ల అప్పుడే ఇవ్వాలి. నాలుగు కదపాలంటే ముందు పైనున్న మూడింటినీ పక్కకు చేర్చాలి, ఆ మూడింటిని చేర్చడం వాడికి వచ్చు. ఆ సంగతి వాడికి తట్టే రోజు దాకా ఆగండి. పెద్ద బిళ్లను చిన్నదాని మీద పెడితే చెక్కేమీ అడ్డుకోదు, గమనించారా? నియమం వాడి తలలో ఉండాలి. నాలుగేళ్ల పిల్లలకు ఇది పని చేయకపోవడానికి కారణం అదే, వాళ్లకు అదొక దొంతర బొమ్మ.

మా బడిలో ఉన్న హనోయి ఏటికొప్పాకలో చేయించినది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరు మా జిల్లాలోనే. అంకుడు కర్రను గిర్రున తిప్పుతూ లక్క కడ్డీని అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పసుపు, నీలి, జాఫ్రా గింజల వంటి వాటి నుంచి రంగులు తీసే పద్ధతిని మళ్లీ నిలబెట్టినందుకు ఆ ఊరి సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అయితే తిరిగే కర్ర మీద చేసేవి కాబట్టి అక్కడ గుండ్రటివే బాగా వస్తాయి: బొంగరాలు, దొంతర బిళ్లలు, గిలకలు. గొంతుకు అడ్డం పడనంత పెద్దవైతే నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకూ పనికొస్తాయి. జిగ్‌సాలు అక్కడ వెతక్కండి. కొండపల్లి బొమ్మలు చూడటానికి ఎంతో అందం, కానీ తెల్లపొణికి మెత్తటి కర్ర, ముక్కలు అతికించి రంగు వేసినవి. కొలువులో పెట్టుకోవాలి, రెండేళ్ల పిల్ల చేతికి ఇవ్వకూడదు.

పటాల జిగ్‌సాల గురించి ఒక హెచ్చరిక. అసలు జిగ్‌సా పుట్టిందే పటంతో. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన పటాన్ని చెక్కకు అతికించి దేశాల సరిహద్దుల వెంట కోసి అమ్మారు. ఏడేళ్లకు ఇది మంచి వస్తువే. కానీ ఆంధ్రప్రదేశ్ పటం 13 జిల్లాలతో ఉన్నవి ఇంకా కనిపిస్తున్నాయి. 2022 ఏప్రిల్‌లోనే అవి 26 అయ్యాయి, మా అనకాపల్లి జిల్లా పుట్టింది అప్పుడే; ఆ తర్వాత కూడా మార్పులు వచ్చాయి. పాత పలక ముందు కూర్చుని "మన జిల్లా ముక్క పోయింది టీచర్" అని ఒక పాప కింద వెతుక్కుంది. తెలంగాణ పటమైతే 33 జిల్లాలు ఉన్నాయో లేదో లెక్కపెట్టి కొనండి.

మూడో మెట్టుకు మీరు డబ్బు పెట్టక్కర్లేదు. పులిమేక తెలుసా మీకు? ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే అడగండి. మూడు పులులు, పదిహేను మేకలు, నేల మీద సుద్దముక్కతో గీసుకునే 23 కూడళ్లు. పాత గుళ్ల మండపాల్లో నేలరాళ్ల మీద ఈ గీతలు చెక్కి ఉంటాయి, ఈసారి వెళ్లినప్పుడు పిల్లలకు చూపించండి. పులి మేక మీదుగా దూకి తింటుంది, మేకలు పులిని కదలకుండా చుట్టుముట్టాలి. మేకలన్నీ దిగేదాకా దిగినవాటిని జరపకూడదు. అందుకే మేకలవాడు ఎక్కడ పెడితే పులి దూకలేదో ముందే చూసుకోవాలి. ఇక్కడ తప్పు చెప్పేది ఎదుటివాడు. మేక పోయాక గానీ ఆ తప్పు తెలియదు. ఓడిపోతే కోపం తెచ్చుకునే పిల్లలకు నేను ఈ ఆటనే ఇస్తాను. పులుల వైపు, మేకల వైపు మారిమారి ఆడితే, ఇందాక ఎదుటివాడు ఏం ఆలోచించాడో తన మీదికి వచ్చినప్పుడు తెలుస్తుంది. మీ బాబుకు ఇది సరైన వయసు. మొదట్లో మీరు పులులు తీసుకుని నెమ్మదిగా ఆడండి, కావాలని మాత్రం ఓడిపోకండి. పిల్లలు పసిగడతారు.

వామనగుంటలు పాపా బాబూ కలిసి ఆడొచ్చు. పద్నాలుగు గుంటలు, చింతపిక్కలు లేదా గవ్వలు. లెక్క పాపకు, ఎత్తుగడ బాబుకు. సోమా క్యూబ్ లాంటివి, అంటే ఏడు ముక్కలతో మూడు బై మూడు బై మూడు ఘనం చేసేవి, ఇంకో రెండేళ్లు ఆగి కొనండి. దాన్ని 240 రకాలుగా కట్టొచ్చు, అయినా మొదటిది దొరకడమే గగనం. ఆరు కర్రలు ఒకదానిలో ఒకటి దూరి ముడిపడే చిక్కుముడి పజిల్స్ పదేళ్ల తర్వాతే.

భద్రత గురించి ముఖ్యమైనవి చెప్పేస్తాను. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. హస్తకళల కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసినవాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకు మినహాయింపు ఉంది. అందుకని ఏటికొప్పాక బొమ్మ మీద ఆ గుర్తు లేకపోతే కంగారుపడకండి, ఫ్యాక్టరీ సరుకు మీద లేకపోతే కొనకండి. మూడేళ్ల లోపు పిల్ల ఇంట్లో ఉన్నా, వచ్చిపోతున్నా, ముక్క సైజు చూడాలి. పరీక్షకు వాడే గొట్టం వెడల్పు 31.7 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల నాణెం కంటే కొంచెం ఎక్కువ. అందులో పూర్తిగా పట్టేసే ముక్క గొంతుకు అడ్డం పడగలదు. చింతపిక్కలు, గవ్వలు కూడా ఇందులోకే వస్తాయి. విడివిడి అయస్కాంతాలు బయటికి ఊడొచ్చే పజిల్ ఏ వయసుకూ వద్దు. రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి పట్టుకుని పేగును చిల్లు పొడుస్తాయి. రంగు పరీక్షకు తెల్లగుడ్డ తడిపి ముక్కను నిమిషం పాటు రుద్దండి. గుడ్డకు రంగు అంటితే పాప నోటికీ అంటుతుంది.

మీ రెండు వేలతో నేనైతే పాపకు 12 ముక్కలదొకటి, 24 ముక్కలదొకటి, రెండు మంచి చట్రం జిగ్‌సాలు కొంటాను. బాబుకు ఒక చెక్క టాంగ్రామ్, ఒక హనోయి. అంతే, మిగిలితే దాచుకోండి. అన్నీ ఒకేరోజు బయట పెట్టకండి. ఒక్కొక్కరికి ఒకటి మాత్రమే అందుబాటులో ఉంచి, రెండు వారాలకు మార్చండి. ప్రతి పజిల్ ముక్కల వెనకా పెన్సిల్‌తో ఒక గుర్తు వేసి, విడిగా గుడ్డసంచిలో పెట్టండి. ఒక ముక్క పోయిన పజిల్‌ను పిల్లలు ముట్టుకోరు. ఫోన్ టెన్షన్ గురించి నాకు తెలిసింది ఒక్కటే. మొదటి పది రోజులు సాయంత్రం పావుగంట మీరు నేల మీద కూర్చోవాలి, మీ ఫోన్ ఇంకో గదిలో ఉండాలి. చేతులు ఒళ్లో పెట్టుకోండి. పాప ఆగిపోతే చోటు చూపించకుండా "తిప్పి చూడు", "అంచు ఎటువైపుంది?", "ఇది పైకా, కిందికా?" వరకే మాట్లాడండి.

పాప పక్కన పడేసిన ఆ జంతువుల సెట్ పారేయకండి. ముందు నేను చెప్పినట్టు గుంటలు వదులుగా ఉన్నాయేమో చూడండి. బాగానే ఉంటే ముక్కలన్నీ మీరే అమర్చి, ఒక్కటి మాత్రం తీసి పాప చేతికివ్వండి. అది పెట్టేసి పజిల్ పూర్తిచేసేది తనే అవుతుంది. మర్నాడు రెండు తీయండి, ఆ మర్నాడు మూడు. వారం పది రోజుల్లో పలక ఖాళీగా ఇచ్చినా కూర్చుంటుంది. కూర్చోకపోతే ఎన్నో ముక్క దగ్గర లేచిపోతోందో గమనించి ఇక్కడే రాయండి, దాన్నిబట్టి తర్వాత ఏం ఇవ్వాలో చెబుతాను.